పాటల పండుగ అయిపోయాక ఆ చెలక సంగతేంటి?

ప్రశ్న: అన్నా, మాది నార్కట్‌పల్లి దగ్గర ఊరు. నాలుగేళ్లుగా ఎండాకాలంలో మూడు రాత్రులు పాటల పండుగ చేస్తున్నాం. ఒగ్గుకథ, చిరుతల రామాయణం, డప్పు, కిన్నెర, మా ఊరి పోరగాళ్ల పాటలు అన్నీ ఉంటాయి. దానికోసం నాలుగెకరాల పంచాయతీ చెలకను చదును చేసుకున్నాం. మిగతా ఏడాదంతా అది తుమ్మచెట్లకూ మందుసీసాలకూ పనికొస్తోంది. అమెరికాలో ఉండే మా బావ టెనెసీలో ఒక పొలంలో జరిగే సంగీతం పండుగకు వెళ్లొచ్చాడు. “వాళ్లు ఆ పొలమే కొనేశారు, మీరు కూడా నెలకో ప్రోగ్రాం పెట్టండి” అంటున్నాడు. కమిటీలో సగం మంది సై అంటున్నారు, సగం మందికి టెన్షన్. మీరేమంటారు?
– కమిటీ సభ్యుడు

జవాబు: తమ్ముడూ, నెలకో ప్రోగ్రాం మాత్రం పెట్టకండి.

నేను నల్గొండలో ముప్పై రెండేళ్లు టెంట్‌హౌస్ నడిపాను. పాట బాగుందా లేదా అని నన్నడిగితే నవ్వుతారు. ఏ నేలలో గుంజ నిలబడుతుంది, ఏ నేలలో లారీ దిగబడుతుంది అంటే మాత్రం చెప్పగలను. మీ ప్రశ్న పాటల గురించి కాదు, నేల గురించి.

మీ బావ వెళ్లింది బొన్నారూ అయ్యుంటుంది. మాంచెస్టర్ అనే చిన్న ఊరి పక్కన, దాదాపు 700 ఎకరాల పొలం. పండుగ 2002లో మొదలైంది. 2007లో నిర్వాహకులు ఆ పొలంలో ఎక్కువ భాగం కొనుక్కున్నారు. పొలం కొన్నంత మాత్రాన నెలనెలా పాటలు పెట్టాలని లేదు, కొంటే వచ్చే లాభం వేరు. ఒకరి దగ్గర అద్దెకు తీసుకున్న పొలంలో పైపులైను వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఏటా ట్యాంకర్లు, ఏటా జనరేటర్లు, ఏటా కొత్త ఖర్చు. నేల సొంతమైతే నీళ్లు, కరెంటు ఒకసారి భూమిలో పెట్టి వదిలెయ్యొచ్చు. మీకు ఆ బాధ లేదు, భూమి పంచాయతీదే. ఇంకో పండుగ సంగతంటారా, 2019 అక్టోబరులో అదే చోట ఎగ్జిట్ 111 అని రాక్ సంగీతం పండుగ ఒకటి పెట్టారు. మళ్లీ జరగలేదు. 2021లో తుపాను వానకు జనం డేరాలు వేసుకునే నేల నానిపోయి బొన్నారూయే రద్దయింది. 2025 జూన్‌లో అయితే జనమంతా వచ్చి కూర్చున్నాక, రెండో రోజు వాన దెబ్బకు ఆపేశారు. అంత డబ్బున్నవాళ్లే బురద ముందు చేతులెత్తేశారంటే మన సంగతి చెప్పాలా?

బురద అంటే నాకూ ఒక కథ ఉంది. దేవరకొండ వైపు ఒక ఊళ్లో అక్టోబరులో ఫంక్షన్. జాగా నల్లరేగడి. మధ్యాహ్నం సామాను దింపేటప్పుడు నేల గట్టిగానే ఉంది. సాయంత్రం గంటసేపు వాన. రాత్రి పన్నెండుకు సామాను ఎక్కించిన లారీ ఇరుసు దాకా దిగిపోయింది. ఒక ట్రాక్టర్ లాగితే అది కూడా దిగబడింది. రెండోది వచ్చేసరికి తెల్లారింది. పిలిచినవాళ్లు “మీ లారీ మా నేల పాడుచేసింది” అని కిరాయిలో సగం కోశారు. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు తేదీ అడగను, ఎర్రదా నల్లదా అని అడుగుతాను.

మీది చెలక, అంటే ఎర్రనేల, అన్నారు కాబట్టి సగం గండం గట్టెక్కినట్టే. చెలక తొందరగా ఆరుతుంది. అయితే చదును చేశామంటున్నారు, అక్కడే నాకు అనుమానం. అద్దంలా చదును చేస్తే నీళ్లు ఎటూ పోవు. వంద అడుగులకు ఒక అడుగైనా వాలు ఉండాలి. వాలు దిగిన చోట కాలువ, కాలువ చివర ఇంకుడు గుంత. బండ్లు తిరిగే దారి మీద మొరం పోసి రోలర్ తొక్కించండి. ఈ పని మృగశిర కార్తెకు ముందే కావాలి. ఈ ఏడాది పండుగ మిగులు డబ్బులుంటే కొత్త లైట్ల జోలికి పోకుండా ఇందులో పెట్టండి.

ఇక ఏడాది పొడుగునా అక్కడ ఏం జరగాలి? ఊరికి ఇప్పటికే ఏ పనికి జాగా కరువో చూడండి. మన జిల్లాలో మొదటి జవాబు వడ్లు. యాసంగి కోతలు మొదలయ్యాక మన రోడ్లు ఎట్లుంటాయో మీకు తెలుసు. సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున బండరాళ్లు, రాత్రి బైకువాడు వాటికి తగిలి పడతాడు. తేమ 17 శాతానికి దిగితే గానీ ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా వెయ్యరు. ఆరబెట్టడానికి జాగా లేకనే రైతు రోడ్డెక్కుతున్నాడు. మీ మైదానంలో ఎత్తుగా ఉన్న వైపు పెద్ద సిమెంటు కల్లం పోయించండి. వానాకాలం పంటకోసారి, యాసంగికోసారి అది రైతులది. మిగతా రోజుల్లో అదే మీ స్టేజీ. చెక్కలు, డ్రమ్ములు పేర్చి స్టేజీ కట్టడానికి నాలాంటివాడికి మీరిచ్చే డబ్బు మిగులుతుంది. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను, అయినా చెప్తున్నా.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఏప్రిల్ చివర, మే అంటే కల్లం నిండా వడ్లే. మీ పండుగ కూడా అప్పుడే. మార్చికి జరిపితే పదో తరగతి పరీక్షలు. జూన్‌కు తోస్తే వాన. నన్నడిగితే అంబేద్కర్ జయంతి చుట్టుపక్కల మూడు రోజులు చూసుకోండి. పరీక్షల టైంటేబుల్ ముందే కనుక్కోండి. అప్పటికి కోతలు మొదలైనా కుప్పలు ఇంకా పెద్దగా పడవు. కమిటీలో వరి వేసినవాళ్లను నలుగురిని కూర్చోబెట్టి తేదీ పెట్టండి. వాళ్లు లేకుండా పెట్టిన తేదీ నిలవదు.

రెండోది, చిన్నచిన్నవే అయినా మాటిమాటికీ జరిగేవి. మీ పక్కనే చెర్వుగట్టు శివుడి గుడి ఉంది కదా. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలు సరే, ప్రతి అమావాస్యకూ అక్కడ జనం ఉంటారు. అందుకే కొబ్బరికాయల కొట్టు అక్కడ నిలబడింది. రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతరను నమ్ముకుని ఏ కొట్టూ నిలబడదు. మీకు కూడా వారానికోసారి కూరగాయల అంగడి వస్తే చాలు, ఎవరో ఒకరు అక్కడ ఊడుస్తుంటారు, బోరు ఆన్ అవుతుంటుంది, లైట్లు వెలుగుతుంటాయి. మందుసీసాల బ్యాచ్‌కు చీకటి దొరకదు. పోలీసు ఉద్యోగాలకు ప్రాక్టీసు చేసే పిల్లలు మీ ఊళ్లో ఉండే ఉంటారు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు పరుగు. నాలుగెకరాల అంచు వెంట సున్నంతో గీత కొట్టి ఇస్తే తెల్లవారుజామున నాలుగున్నరకే మైదానంలో మనుషులుంటారు.

అమెరికాలోనే మిల్వాకీ అని ఒక ఊరుంది. అక్కడ పెద్ద చెరువు గట్టున – మిషిగన్ సరస్సు లెండి – సమ్మర్‌ఫెస్ట్ మైదానం ఉంది. 1970 నుంచి పండుగ అక్కడే. మిగతా ఎండాకాలంలో అదే జాగాలో జర్మన్లు, ఐర్లాండువాళ్లు ఎవరి పండుగ వాళ్లు చేసుకుంటారు. కమిటీ కొత్తవి పుట్టించక్కర్లేదు, జాగా ఇస్తే చాలు. బతుకమ్మ ఆడేందుకు, సంక్రాంతి ముగ్గులకు, కబడ్డీకి, పక్క ఊరి యాదవుల బోనాలకు మీరు జాగా ఇవ్వండి. బయటివాళ్ల ఫంక్షన్ అయితే కిరాయి, పైగా డిపాజిట్. డిపాజిట్ ఎందుకో కింద చెప్తా.

పండుగ మర్నాడు మైదానంలో నడిచి చూశారా? కాలికి ముందు తగిలేది మేకు. నేను పాడైపోయిన స్పీకర్ బాక్సు నుంచి అయస్కాంతం ఊడదీసి, దానికి తాడు కట్టి, టెంట్లు విప్పిన జాగాలో కుక్కపిల్లను తిప్పినట్టు తిప్పేవాణ్ని. మేకులు, పిన్నీసులు, తీగ ముక్కలు, ఒకసారి ఎవరిదో కాలిమెట్టె కూడా అంటుకుంది. వెండిదని అమ్మారట పాపం, ఇనుము! నన్ను చూసి నవ్వినవాళ్లున్నారు. తర్వాత చదివితే తెలిసింది, ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ పండుగ అయ్యాక ట్రాక్టర్‌కే అయస్కాంతం కట్టి పొలమంతా లాగుతారట. అది పాడిపొలం. పండుగ లేనప్పుడు అక్కడ ఆవులు మేస్తాయి, గడ్డితోపాటు మేకు మింగితే ఆవు పోతుంది. నేల కోలుకోవాలని కొన్నేళ్లకోసారి పండుగే మానేస్తారు. 2018లో అట్లాగే మానేశారు. 2012లో మానెయ్యడానికి చెప్పిన కారణం ఇంకా బాగుంది. లండన్ ఒలింపిక్స్ వల్ల మరుగుదొడ్లు, పోలీసులు దొరకరని! మీ మైదానంలో కూడా బర్రెలు మేస్తాయి కదా. కిరాయికి తీసుకున్నవాడు అయస్కాంతం తిప్పి, ప్లాస్టిక్ ఏరి, గుంజల గుంతలు పూడ్చి చూపించాకే డిపాజిట్ ఇవ్వండి.

పాటలు అసలే వద్దనడం లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో, బుర్రవీణ దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మన పాలమూరు వైపువాళ్లే. వెదురుకు ఎండిన బుర్రలు కట్టిన కిన్నెరను హార్న్ బాక్సుల్లో వేస్తే గరగర తప్ప ఏం మిగలదు. పున్నమి రాత్రి కల్లం మీద చాపలు పరిచి, వంద మందిని కూర్చోబెట్టి, మైకు లేకుండా వినండి. మైకుసెట్ కిరాయికిచ్చి పిల్లల్ని చదివించినవాణ్ని చెప్తున్నా.

ప్రశ్న: అన్నగారూ, మాది మహబూబ్‌నగర్. మా ఇంటి వెనక ఖాళీ జాగాను ఫంక్షన్లకు ఇస్తున్నారు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. మా అత్తమ్మకు బీపీ. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, 2000 సంవత్సరం నుంచీ రూలు ఉంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండుగలకని ప్రభుత్వం పన్నెండు దాకా సడలించొచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా. పెళ్లి బరాత్‌కు ఆ సడలింపు వర్తించదు. పది దాటాక 100కు ఫోన్ చెయ్యండి. ముందు మాత్రం జాగా ఓనరుతో ఒకసారి మాట్లాడండి, బాక్సులు మీ గోడవైపు కాకుండా తిప్పించమని. సగం గొడవలు అక్కడే తీరతాయి. చెరువు వైపు తిప్పుతామంటే ఒప్పుకోకండి. రాత్రిపూట నీళ్ల మీదుగా చప్పుడు ఇంకా దూరం పోతుంది. నేను ఒకసారి అట్లాగే తిప్పితే, అవతలి గట్టు ఊరివాళ్లు టార్చిలైట్లేసుకుని వచ్చి నా కేబులంతా చుట్టచుట్టి పట్టుకుపోయారు.