‘వృత్తిపరంగా ప్రవర్తించాలి’ అనొచ్చా?

సందేహం: సార్, మాది ధర్మవరం. పెనుకొండ దగ్గర ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. ఇంగ్లీషు నోటీసును తెలుగులో రాయమంటే ‘ఉద్యోగులందరూ వృత్తిపరంగా ప్రవర్తించాలి’ అని రాసి బోర్డుకు అంటించాను. లైన్లో పనిచేసే పిల్లోళ్లు చదివి, ‘అంటే ఎవరి కులవృత్తి వాళ్లు చేసుకోవాలనా మేడం?’ అని ఒకటే నవ్వు. నేను రాసింది తప్పా? ప్రొఫెషనల్‌కు సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: తప్పే అమ్మా. పిల్లోళ్లు నవ్వడంలో అన్యాయం ఏమీ లేదు.

‘పరంగా’ అంటే ఫలానా విషయం వరకు చూస్తే అని. ‘ఆరోగ్యపరంగా బాగున్నాడు’, ‘వృత్తిపరంగా ఎదిగాడు’ అంటాం, ఇబ్బంది లేదు. దాని పక్కన ‘ప్రవర్తించాలి’ పెడితే మాత్రం ‘ఆరోగ్యపరంగా ప్రవర్తించు’ అన్నట్టు ఉంటుంది, అతకదు.

ఇందులో ఒక తమాషా ఉంది. వృత్తి, ప్రవర్తన రెండూ ‘వృత్’ అనే ఒకే సంస్కృత ధాతువు పిల్లలు. సంస్కృతంలో వృత్తి అంటే బతుకుతెరువే కాదు, నడవడి కూడా. అంటే మీరు వెతుకుతున్న అర్థం ఆ మాట కడుపులోనే ఉండేది, తెలుగులో వాడగా వాడగా నడవడి జారిపోయి బతుకుతెరువు ఒక్కటే మిగిలింది: కులవృత్తి, చేతివృత్తి, భిక్షావృత్తి. మీ జీతం స్లిప్పులో నెలనెలా కోసే వృత్తి పన్నులోనూ అదే అర్థం, దాన్ని కట్టడానికి మన నడవడి ఎవరూ చూడరు.

ఇక ప్రొఫెషనల్. ఇంగ్లీషువాళ్లు ఈ ఒక్క మాటను మూడు నాలుగు పనులకు వాడతారు, మనం ఒక్క తెలుగు మాటతో అన్నిటినీ తీర్చాలని చూస్తాం, అక్కడే చిక్కంతా. డబ్బు తీసుకుని చేసేవాడు, సరదాకు చేసేవాడు అనే తేడా చూపాలంటే మనకు వృత్తి, ప్రవృత్తి అని చక్కటి జంట ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం వాళ్లకు నాటకమే వృత్తి, నాటకం ఆడితేనే పొయ్యి వెలిగేది. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ వృత్తికి వకీలు, నాటకం ఆయనకు ప్రవృత్తి. ఇంగ్లీషు లెక్కన ఆయన అమెచ్యూర్. మరి ఆయన నటన ముందు ఆ మాట నిలుస్తుందా? అందుకే నైపుణ్యం చెప్పాలంటే డబ్బు సంగతి వదిలేసి పనితనం అనాలి. పనితనం ఉన్నవాడు పనిమంతుడు. కాకపోతే ‘పనిమంతుడు పందిరి వేస్తే పిచ్చుకలు వచ్చి కూలదోశాయి’ అనే సామెత పుణ్యమా అని ఆ మాటకు కొంచెం వెటకారం అంటుకుంది. మా ఇంట్లో బాత్‌రూముకు కడప రాళ్లు పరిచిన మేస్త్రీ, నెల తర్వాత ఇటు ఏదో పనిమీద వచ్చి, నీళ్లు మూలకు నిలుస్తున్నాయని మేము చెప్పకముందే తనే చూసి, మరుసటి రోజు రెండు రాళ్లు లేపి వాటం సరిచేసి పోయాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, ‘నా పని సార్ అది’ అన్నాడు. మా ఆవిడ ‘పనోడంటే ఆయన!’ అంది. ఆ ‘పనోడు’లో పనితనమూ ఉంది, నడవడీ ఉంది. కానీ నోటీసు బోర్డు మీద పనోడు అని రాస్తే కూలిమనిషి అని అర్థం చేసుకుంటారు, అదొక బాధ.

నడవడి సంగతికొస్తే, ఇంగ్లీషు ప్రొఫెషన్‌కు మూలమైన లాటిన్ మాటకు నలుగురి ముందు చెప్పడం అని అర్థం. మొదట్లో అక్కడ సన్యాసం పుచ్చుకునేవాళ్లు చేసే ప్రమాణాన్ని అలా అనేవాళ్లు. మన లెక్కలో మాట ఇవ్వడం, దానిమీద నిలబడటం. డాక్టర్లు, లాయర్లు, పాత్రికేయుల విషయంలో వృత్తిధర్మం అనే మాట బాగా కుదురుతుంది. ఫ్యాక్టరీ లైనుకు అది మరీ బరువు.

అసలు మీ నోటీసుకు విశేషణమే అక్కర్లేదమ్మా. నన్నడిగితే, ఎదుటివాడి తప్పేంటో విప్పి చెప్పడం ఇష్టంలేని పైఅధికారులు వాడే మాట ‘అన్‌ప్రొఫెషనల్’. ఆలస్యంగా వచ్చాడా, కసురుకున్నాడా, దొంగలెక్క రాశాడా, ఏదీ తేలదు, విన్నవాడికి టెన్షన్ మాత్రం మిగులుతుంది. తెలుగు క్రియల భాష. ఏం చేయాలో క్రియలో పెట్టండి, చాలు. ఇలా రాసి చూడండి:

‘షిఫ్టుకు టైముకు రావాలి. తప్పు జరిగితే దాచకుండా వెంటనే చెప్పాలి. తోటివాళ్లను ఒరే, ఏమే అని పిలవకూడదు. ఇది సూపర్‌వైజర్లకు కూడా వర్తిస్తుంది.’

ఆ చివరి ‘వర్తిస్తుంది’ కూడా ‘వృత్’ ధాతువు బిడ్డే. ఈసారి నవ్వితే సూపర్‌వైజర్లను చూసి నవ్వుతారు.