సెలవు మీద ఇంటికొస్తున్న మీ ఇద్దరికీ

చిరంజీవులు అబ్బాయికీ కోడలికీ పెదనాన్న ఆశీస్సులు, ప్రభువు నామంలో వందనాలు.

మార్చి ఆఖరున ఒడిశాలోని మల్కనగిరి నుంచి బయల్దేరి పన్నెండు వారాల సెలవు మీద ఒంగోలు వస్తున్నారని మీ నాన్న చెప్పినప్పుడు నా కడుపు నిండిపోయింది. మన ఇంటి పిల్లలు కోయ గూడేల్లో ప్రభువు సేవలో ఇంతకాలం నిలబడ్డారని సంఘంలో అందరికీ చెప్పుకున్నాను. ఆ సంతోషంలో ఉండగానే మీ కార్యక్రమాల జాబితా వచ్చింది. పన్నెండు వారాల్లో ముప్పై ఎనిమిది సంఘ కూడికలు. దిగిన మర్నాడే మొదటిది. పిల్లలిద్దరూ వేదిక మీద కోయ పాట పాడతారని రెండు సంఘాల వాళ్ళు కరపత్రంలో అచ్చు కూడా వేయించారు. సెలవు మీద వచ్చేవాళ్ళ కార్యక్రమాలు ఇన్నేళ్ళుగా సర్దినవాణ్ణి కాబట్టి ఇలాంటి జాబితా ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు. కోపగించుకోకుండా చదవండి.

మొదటి మూడు వారాలు ఒక్క కూడిక కూడా వద్దు. నాలుగో వారం నుంచి తొమ్మిదో వారం దాకా ఆదివారం ఒకటి, వారం మధ్యలో ఒకటి, అంతే. ఆఖరి మూడు వారాలు మీ రెండు ఇళ్ళకీ, తిరుగు ప్రయాణానికీ. అంటే పన్నెండు కూడికలు మిగులుతాయి. మిగతా ఇరవై ఆరింటికీ ఇప్పుడే, మీరు అక్కడ ఉండగానే, వద్దని ఉత్తరం రాయండి. వచ్చాక ఎదురుగా నిలబడి కాదనలేరు. శిష్యులు తిరిగొచ్చి తాము చేసినవన్నీ చెప్పగానే ప్రభువు వాళ్ళని ఏకాంతంగా పక్కకు రమ్మన్నాడు. తినడానికైనా తీరిక లేదని చూసి పిలిచాడు. మార్కు ఆరో అధ్యాయంలో ఉంది, మీకు నేను చెప్పాలా.

ఆ మూడు వారాల్లో మొదటి పని ఆసుపత్రి. ఇద్దరికీ పిల్లలకీ రక్తంలో హిమోగ్లోబిన్, షుగరు, పళ్ళు, కళ్ళు చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించండి. జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. ఒంగోల్లో డాక్టరు జ్వరం అనగానే టైఫాయిడో డెంగీనో అనుకుంటాడు. గదిలోకి అడుగు పెట్టగానే 'మల్కనగిరి నుంచి వచ్చాం, అక్కడ ఫాల్సిపారం మలేరియా ఉంది' అని మీరే చెప్పాలి. కార్డు పరీక్షా చేయించండి, గాజు పలక మీద రక్తం చుక్క పరీక్షా చేయించండి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి. వైవాక్స్ రకమైతే ఆ క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. దానికి ప్రిమాక్విన్ పద్నాలుగు రోజుల కోర్సు ఉంటుంది, ఆ మాత్రకి ముందు జీ6పీడీ అనే రక్త పరీక్ష చేయించాలి, గర్భిణులకి ఆ మందు ఇవ్వరు. నాలుగో రోజు ఒళ్ళు తేలికైందని ఆపేస్తే ఆ కోర్సంతా వృథా. అమ్మా కోడలా, నీ రిపోర్టు నాకు ముందు తెలియాలి. మొగుడికీ పిల్లలకీ చూపించి నీది వాయిదా వేస్తావని నాకు భయం.

ఇక నా అసలు బెంగ. సెలవు మీద వచ్చిన ప్రతి జంటా ఒక తప్పు చేస్తారు. మంచివాళ్ళే చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. సంఘం ముందు నిలబడగానే, ఇక్కడివాళ్ళ మనసు కరగాలని, అక్కడివాళ్ళని తగ్గించి చెప్తారు. 'బట్టల్లేవు, బుద్ధి లేదు, చీకట్లో ఉన్నారు, మేం వెళ్ళాక వెలుగొచ్చింది' అంటారు. జనం కళ్ళు తుడుచుకుంటారు, కానుక పళ్ళెం నిండుతుంది. అప్పటికి ఏ తప్పూ జరిగినట్టు ఉండదు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో వరసగా చెప్తాను. ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ పోతోంది. సంఘ యువకుడొకడు అందులోంచి రెండు నిమిషాల ముక్క కత్తిరించి వాట్సాప్‌లో పెడతాడు. కోయవాళ్ళు ఒక్క ఒడిశాలోనే కాదు, భద్రాచలంలో ఉన్నారు, చింతూరులో ఉన్నారు, సుక్మాలో ఉన్నారు. తెలుగు తెలిసినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. ఆ ముక్క తిరిగి తిరిగి మీ గూడెంలో ఒకడి ఫోనుకి చేరుతుంది. నాలుగేళ్ళు మీతో అంబలి తాగిన మనిషి, తన గురించి మీరు ఏమన్నారో మీ నోటితోనే వింటాడు. అతను మీతో గొడవ పడడు. మాట్లాడటం మానేస్తాడు, అంతే. మీరు తిరిగి వెళ్ళాక ఎందుకు మానేశాడో మీకు అంతుపట్టదు.

ఇంకా ప్రమాదం ఉంది. ఒడిశాలో 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతంతోనో ప్రలోభంతోనో మోసంతోనో మతం మార్పిస్తే ఏడాది దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. ఎస్టీలు, ఎస్సీలు, స్త్రీలు, మైనర్లు అయితే రెండేళ్ళు, పది వేలు. కోయలు ఎస్టీలు. ఇప్పుడు వేదిక మీద సాధారణంగా వినపడే మాట ఒకటి తీసుకోండి: 'మందులిచ్చాం, బడి పెట్టాం, పన్నెండు కుటుంబాలు ప్రభువుని నమ్మాయి.' చెప్పినవాడి మనసులో ప్రలోభం అన్న ఊహే లేదు. కానీ మూడు ముక్కల్ని ఒకే ఊపిరిలో చెప్పేసరికి మందిచ్చి మతం మార్చామని మీరే ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. పైగా అది నిజం కూడా కాదు. మందు తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది నమ్మలేదు, నమ్మినవాళ్ళలో కొందరు మీ మందు ఎప్పుడూ ముట్టలేదు. నమ్మిన మనిషి ఎన్నాళ్ళు ఆలోచించి, ఎవరెవరితో మాటపడి ఆ నిర్ణయానికి వచ్చాడో ఆ కథంతా ఒక మాత్రతో కొట్టేసినట్టవుతుంది.

మన ఒంగోలు చరిత్రలోనే దీనికి పాఠం ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక, ఇంక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్ళకే ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మన పెద్దలు ఆ సంఖ్యనే గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే దాని ముందున్న పదిహేను నెలలే గొప్ప. మీరూ సాయం సంగతి ఒక రోజు, విశ్వాసం సంగతి ఇంకో రోజు చెప్పండి. ఒకే ప్రసంగంలో రెండూ కలపొద్దు.

కాబట్టి ఇలా చేయండి. ప్రసంగం ఇరవై నిమిషాలు మించొద్దు. మొదటి ఐదు నిమిషాలు ఆ నేల గురించి: సీలేరు, శబరి, ఇప్పపూలు ఏరే కాలం, వారపు సంత, వాళ్ళ మర్యాదలు, మీకు నేర్పినవి. తర్వాత పది నిమిషాలు ఒకే ఒక్క సంగతి పూర్తిగా. ఆఖరి ఐదు నిమిషాలు మూడే మూడు ప్రార్థన అంశాలు, పదిహేను చెబితే ఒక్కటీ గుర్తుండదు. గూడెం మనిషి గురించి చెప్పేటప్పుడు పేరు మార్చితే సరిపోదు. ఊరూ వృత్తీ కలిపి చెబితే మనిషి తెలిసిపోతాడు, అందుకే ఊరి పేరు అసలు వద్దు. ఫొటోలు పన్నెండు చాలు: కొండ, నది, సంత, పనిచేసే చేతులు, వెనకనుంచి తీసినవి. బాప్తిస్మం ఫొటో ఒక్కటి కూడా ఫోనులో ఉంచుకుని రావద్దు. కూడికకి ముందురోజు సంఘ కాపరికి ఫోన్ చేసి, మీరు మాట్లాడే ఇరవై నిమిషాలూ లైవ్ ఆపమని అడగండి. ఆపలేం అంటే ఆ రోజు పౌలు, బర్నబా అంతియొకయకు తిరిగొచ్చి సంఘాన్ని సమకూర్చిన భాగం చదివి వాక్యం చెప్పి కూర్చోండి. రాసుకున్నదాన్ని ఇంట్లో ఒకసారి బిగ్గరగా చదువుకోండి, మీ గూడెం పెద్దాయన మొదటి వరసలో కూర్చుని వింటున్నాడని అనుకుని. ఎక్కడ నోరు తడబడితే ఆ వాక్యం కొట్టేయండి.

సంఖ్య చిన్నదని సిగ్గుపడొద్దు నాయనా. 1862లో నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళాడు. నెల్లూరు మిషన్ మొదలై ఇరవై ఏళ్ళు దాటినా చూపించుకోవడానికి చాలా కొద్దిమంది విశ్వాసులు. దాన్ని మూసేద్దామని అమెరికాలోని మిషన్ బోర్డు వాళ్ళు అన్నారు. ఆయన లెక్క పెంచి చెప్పలేదు. మీరు పంపకపోయినా నేను వెళ్తాను, ఆ తెలుగువాళ్ళ మధ్యే బతుకుతాను, చావాల్సొస్తే అక్కడే చస్తానన్నాడు. 1864 ఆఖర్లో క్లౌ దంపతుల్ని వెంటబెట్టుకుని ఓడెక్కాడు. మన సంఘం ఉందంటే ఆ సెలవు వల్లే.

పిల్లల పాట రద్దు చేయించండి. వాళ్ళకి ఇది నాయనమ్మ ఊరు, ప్రదర్శన కాదు. అడిగి, వాళ్ళు పాడతామంటే ఇంట్లో కుటుంబ ప్రార్థనలో పాడించండి.

డబ్బు సంగతి. చేతికి ఇచ్చిన ప్రతి రూపాయికీ మిషన్ రసీదు, అక్కడికక్కడే. కానుకని ఆ సంఘం కోశాధికారితో కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టండి. పన్ను మినహాయింపు అడిగేవాళ్ళకి, రెండు వేలు దాటిన నగదుకి అది వర్తించదని ముందే చెప్పండి, బ్యాంకు ద్వారా ఇమ్మనండి. ఒక నోటుబుక్కులో తేదీ, సంఘం, ఎంత, రసీదు నంబరు, మీరిచ్చిన మాట రాసుకోండి. పదిరోజుల్లో కృతజ్ఞత ఉత్తరం వెళ్ళాలి. కానుక కోసం పిడికెడు బియ్యం తీసి దాచిన స్త్రీల సమాజానికి మొదటి ఉత్తరం. అమెరికాలో ఉన్న మీ అన్న మీ ఇంటి ఖర్చుకని పంపితే అది తోబుట్టువుల మధ్య సంగతి. వాళ్ళ చర్చి వాళ్ళు పని కోసమని మీ సొంత ఖాతాలో వేస్తామంటే ససేమిరా ఒప్పుకోవద్దు. అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. పాస్‌పోర్టు అమెరికాది అయితే తెలుగువాడైనా చట్టానికి విదేశీయుడే. మొహమాటానికి తీసుకున్న ఒక్క చెక్కు మొత్తం సంస్థని ఇబ్బందిలో పెడుతుంది.

మీ తమ్ముడూ మరదలూ మీ అమ్మానాన్నల్ని చూసుకుంటున్నారు. మీరు దేవుని సేవలో ఉన్నారని ఊరంతా పొగుడుతుంటే, రాత్రిపూట మందులిచ్చేది వాళ్ళు. వచ్చాక ఒక నెల ఆ బరువు మీరు తీసుకోండి. పెద్దవాళ్ళ కంటి ఆపరేషన్ వాయిదా పడి ఉంది, అది మీరు ఉండగా చేయించి, చుక్కల మందు వేళకి నువ్వే వెయ్యి. తమ్ముణ్ణీ మరదల్నీ ఎక్కడికైనా వెళ్ళిరమ్మను. కోడలు తన పుట్టింట్లో కనీసం రెండు వారాలు ఉండాలి, నువ్వు వెంటపడొద్దు. కూడికల్లో ఆమెను పాటకే పరిమితం చేయొద్దు. కోయ ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పింది ఆమె, అది ఆమె చెబితేనే తెలుస్తుంది. మాట్లాడనంటే మాత్రం బలవంతపెట్టకు.

అమ్మా, ఒక మాట. ఇక్కడి సంఘంలో ఏసీలు, తెరలు, పెళ్ళిళ్ళ ఖర్చు చూసి మీకు కడుపు మండుతుంది. అందరికీ మండుతుంది. దాన్ని వేదిక మీదికి తీసుకురాకండి, నా దగ్గర చెప్పుకోండి, ఎంతసేపైనా వింటాను. మొదటి రెండు ఆదివారాలు వెనక బల్ల మీద కూర్చుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ప్రభురాత్రి భోజనం తీసుకుని రండి. బైబిలు ప్రసంగం కోసం కాకుండా చదవండి. ప్రార్థనకి మాట రాకపోతే కీర్తనలు బయటికి చదవండి చాలు. పని ఆగగానే మీ ఇద్దరి మధ్య చిన్నచిన్న తగాదాలు లేస్తాయి. అక్కడ పనే మాట్లాడించేది, ఇక్కడ అది లేదు. కంగారుపడొద్దు. సాయంత్రం ఎండ తగ్గాక రోజూ ఒక గంట పిల్లల్ని మాకు అప్పగించి నడిచి రండి.

తిరుగు టిక్కెట్లు వచ్చేటప్పుడే తీసుకోండి. జూన్ మూడోవారం దాటొద్దు. వానలు పట్టుకుంటే కలిమెల, మోటు వైపు వాగులు పొంగి బస్సులు ఆగిపోతాయి. మందు పూసిన దోమతెరలు నాలుగు కొత్తవి, పిల్లల చొక్కాలు ఒక సైజు పెద్దవి, కళ్ళద్దాలు జత అదనంగా కొనిపెడతాను. బయల్దేరే ముందు గూడెంలో ఫలానా రోజుకి వస్తామని తేదీ చెప్పి రండి, ఇక్కడ ఎవరు ఎంత ఉండమన్నా ఆ తేదీకి అక్కడ బస్సు దిగండి.

మీ పెదనాన్న