పందుల దగ్గుకి సూది కంటే ముందు షెడ్డులో గాలి సంగతి చూడండి

దాణా వేయగానే పందులు దగ్గుతున్నాయి, ఇంజక్షన్ చేయిస్తే వారం తగ్గి మళ్ళీ వస్తోంది, ఇది దుమ్ము వల్లేనా అని అడిగారు కదా. సగం దుమ్మే అండి. మిగతా సగం ఊపిరితిత్తుల్లో అప్పటికే చేరిన క్రిమి.

మాది కృష్ణా జిల్లాలో చిన్న ఫారం, యార్క్‌షైర్ పందులు. కరెంటు అక్కడే ఉందని మొక్కజొన్న ఆడించే మరని షెడ్డులోనే ఓ మూల పెట్టాను. తవుడు, వేరుశనగ చెక్క కలిపి పొడిగానే తొట్లలో పోసేవాణ్ణి. డిసెంబరులో పిల్లలు వణుకుతున్నాయని పరదాలన్నీ దించేశాను. నెల తిరిగేసరికి ఎదిగే పిల్లలకి పొడి దగ్గు, లేపి నడిపిస్తే ఇంకా ఎక్కువ, రెండు మూడు డొక్కలు ఎగరేస్తున్నాయి, తింటున్నా బరువు రావడం లేదు.

డాక్టరు గారు వచ్చి పందుల్ని చూడకముందే పైన సాలెగూళ్ళు చూపించారు, పిండి పట్టి తెల్లగా ఉన్నాయి. దులపమన్నారని ఆ సాయంత్రమే, పందులు లోపల ఉండగానే, చీపురుతో దులిపాను. అదో తెలివి! రాత్రంతా అవీ దగ్గాయి, నేనూ దగ్గాను.

ఆయన చెప్పింది ఇదీ. శ్వాసనాళం లోపల సన్నటి నూగు ఉంటుంది, అది దుమ్మునీ కఫాన్నీ పైకి నెడుతుంది. మూత్రం, పేడ నుంచి వచ్చే అమ్మోనియా ఆ నూగుని మందగింపజేస్తుంది, మైకోప్లాస్మా అనే క్రిమి దానికే అతుక్కుని పాడుచేస్తుంది. ఇక 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నటి దుమ్ము లోపలిదాకా వెళ్తుంది. అందులో ఉండేది పిండి ఒక్కటే కాదు, ఎండిన పేడ, చర్మం పొట్టు, చచ్చిన బాక్టీరియా విషం కూడా. దానిమీద పాశ్చురెల్లా లాంటి వేరే క్రిములు చేరితే న్యుమోనియానే.

నేను మర బయటికి మార్చాను. మరీ పిండిలా కాకుండా కాస్త బరకగా ఆడిస్తున్నాను, క్వింటాలు దాణాకి కిలో నూనె కలిపి, వేసే ముందు నీళ్ళతో ముద్ద చేస్తాను (తొట్టి అదే రోజు కడగాలి, లేకపోతే పులుస్తుంది). పరదాలు పైన ఓ అడుగు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, చలిగాలి మాత్రం పిల్లల మీదికి నేరుగా కొట్టకూడదు. పందుల్ని బయటికి తోలాకే, తడిపి ఊడుస్తాం. అమ్మోనియా సంగతి నిలబడి చూస్తే తెలియదు, పంది ముక్కు ఎత్తులో కూర్చోండి, కళ్ళు మండితే ఎక్కువున్నట్టే. మీరూ మాస్కు పెట్టుకోండి.

నెలన్నరకి దగ్గు బాగా తగ్గింది, కానీ రెండు పిల్లలు కోలుకోలేదు, తక్కువ ధరకే అమ్మేశాను. కోసినప్పుడు చూస్తే ఊపిరితిత్తుల ముందు భాగం మాంసంలా గట్టిపడి ఊదా రంగులో ఉంది. మీ దగ్గర కోతకి వెళ్ళే పంది ఉంటే అది ఓసారి చూడండి, జబ్బు ఊపిరితిత్తుల్ని ఎంత పాడుచేసిందో తెలుస్తుంది.

తుమ్ములతో పాటు ముక్కు నుంచి రక్తం, మూతి వంకర ఉంటే అది వేరే జబ్బు. జ్వరం వచ్చి పందులు ఉన్నట్టుండి చనిపోతుంటే దుమ్ము సంగతి పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్ని పిలవండి.