బిల్లుపై ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అన్న ముద్ర ఉంటే స్ట్రీమింగ్ బాక్స్ డబ్బు తిరిగి రాదా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లో కొత్త 4కె టీవీ, పాత హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్ ఉన్నాయి. ఆంప్లిఫయర్ మోడల్ నంబరు వాట్సాప్‌లో పంపి, దీనికి ఏ స్ట్రీమింగ్ బాక్స్ సరిపోతుందని హైదరాబాదులోని ఒక దుకాణాన్ని అడిగాను. ఒక బాక్స్ పేరు చెప్పి, ‘మీ సెట్‌లో 4కె, అట్మాస్ రెండూ వస్తాయి’ అని రాశారు. గత నెల వెళ్లి రూ. 8,400 పెట్టి కొన్నాను. బొమ్మ 4కెలో రావడం లేదు, అట్మాస్ (చుట్టూ, పైనుంచి కూడా వినిపించే) ధ్వనీ లేదు, పైగా బాక్స్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోంది. బాక్స్‌లో లోపం లేదని సర్వీస్ సెంటర్ వారు అంటున్నారు. దుకాణం వారేమో బిల్లుపై ఉన్న ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము, వివాదాలు హైదరాబాదు కోర్టుల పరిధిలోనే’ అన్న ముద్ర చూపిస్తున్నారు. నాకు దారి ఏమిటి?

జవాబు: ఆ ముద్రతో మీ హక్కు పోదు. లోపమున్న సరుకును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు ఏదీ లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చెబుతోంది. కోర్టుల పరిధి గురించిన వాక్యమూ మిమ్మల్ని కట్టిపడేయదు. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు వేయవచ్చని సెక్షన్ 34 స్పష్టంగా అనుమతిస్తోంది కనుక, మీరు నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు.

అసలు చిక్కు సర్వీస్ సెంటర్ మాట దగ్గర ఉంది. బాక్స్ విడిగా చూస్తే బాగానే పని చేస్తూ ఉండవచ్చు, ఆ మేరకు వారు చెప్పింది నిజమే కావచ్చు. కానీ చట్టం దృష్టిలో ‘లోపం’ అంటే యంత్రం చెడిపోవడం ఒక్కటే కాదు. ఒప్పందం ప్రకారం ఉండవలసిన ప్రమాణం లేకపోయినా, సరుకు గురించి వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం అందులో లేకపోయినా అది లోపమేనని సెక్షన్ 2(10) చెబుతోంది. దుకాణం వారు మీ ఆంప్లిఫయర్ మోడల్ తెలిసి ‘మీ సెట్‌లో వస్తాయి’ అని రాసి ఇచ్చారు. అందువల్ల ఆ బాక్స్ వేరొకరి ఇంట్లో ఎలా పని చేస్తుందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

దీనికి సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16(1) కూడా తోడవుతుంది. కొనేవాడు తన అవసరమేమిటో ముందుగా తెలియజేసి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్ముకుని కొన్నప్పుడు, సరుకు ఆ అవసరానికి తగినట్టు ఉండాలన్న షరతు మాటల్లో చెప్పకపోయినా అమ్మకంలో ఉన్నట్టే. అయితే కొనేవాడే ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ కావాలని అడిగి తీసుకుంటే ఈ రక్షణ వర్తించదు. మీరు బ్రాండు పేరు చెప్పలేదు, ఏది సరిపోతుందని అడిగారు. మీ కేసుకు ఇదే ప్రాణం. అందుకని ఆ సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చకండి, సందేశాలను చెరపకండి. వాటి ప్రతులతో పాటు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం కూడా జతచేయడం మంచిది.

ఫిర్యాదుకు ముందు తప్పు ఎక్కడుందో మీరే తేల్చుకోండి, ఎందుకంటే అవతలి పక్షం మొదట పట్టుకునేది దాన్నే. ఓటీటీలో 4కె కార్యక్రమం కనబడాలంటే బాక్స్, ఆంప్లిఫయర్, టీవీ మూడూ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ప్రమాణాన్ని గుర్తించాలి. 2013కు ముందు తయారైన ఆంప్లిఫయర్లలో అది ఉండదు. బాక్స్‌ను నేరుగా టీవీకి తగిలించి చూడండి. అప్పుడు 4కె వస్తే అడ్డు ఆంప్లిఫయర్ దగ్గరే ఉందని తేలుతుంది. అట్మాస్ సంగతి ఇంకా తేలిక. ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్లకు అది వచ్చిందే 2014లో కాబట్టి, మీది అంతకన్నా పాతదైతే ఏ బాక్స్ పెట్టినా ఆ ధ్వని రాదు. మోడల్ నంబరు చూసి కూడా వస్తుందని చెప్పడం తప్పుడు వర్ణనే అవుతుంది.

బాక్స్ ఆగిపోవడాన్ని మాత్రం తొందరపడి ఫిర్యాదులో చేర్చవద్దు. దాన్ని టీవీ వెనుక యూఎస్‌బీ పోర్టు నుంచి నడుపుతున్నారేమో చూడండి. ఆ పోర్టు ఇచ్చే కరెంటు చాలక ఇలాంటి పరికరాలు తరచూ ఆగుతుంటాయి. కంపెనీ ఇచ్చిన అడాప్టరుతో నడిపినా ఆగితే అది వారంటీ కిందికి వచ్చే వేరే లోపం, అప్పుడు తయారీదారును కూడా ప్రతివాదిగా చేర్చాలి. మీ ఓటీటీ ప్లాన్‌లో 4కె ఉందో లేదో కూడా నిర్ధారించుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో అది ప్రీమియం ప్లాన్‌కే ఉంది. ఈ పరీక్షలన్నిటినీ వీడియో తీసి ఉంచండి. పరీక్షిస్తే తప్ప లోపం తేలదని కమిషన్ అనుకుంటే బాక్స్‌ను ప్రయోగశాలకు పంపిస్తుంది, దాని రుసుము మొదట మీరు కట్టవలసి రావచ్చు. మీ ఆధారాలు బలంగా ఉంటే ఆ అవసరం పడకపోవచ్చు.

సరుకు విలువ రూ. 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రూ. 8,400 కోసం లాయరు ఫీజు పెట్టుకోవద్దనే నేను చెబుతాను. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఈ స్థాయి వివాదాలు అక్కడే పరిష్కారమయ్యే అవకాశం ఉంది. కమిషన్ దాకా వెళితే మీరు కట్టిన సొమ్ము వడ్డీతో సహా రాబట్టుకునే అవకాశం బలంగానే ఉంది, కానీ మానసిక వేదన కింద పెద్ద మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోకండి.

ఫిర్యాదుకు కాలపరిమితి రెండేళ్లు ఉన్నా మీరు ఆగడానికి వీల్లేదు. సరుకు వద్దని చెప్పకుండా చాలాకాలం ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టేనని విక్రయ చట్టంలోని సెక్షన్ 42 చెబుతోంది. కనుక ఈ వారమే, ‘మీరు చెప్పిన ప్రమాణం లేనందున ఈ సరుకును నిరాకరిస్తున్నాను, 15 రోజుల్లోగా డబ్బు వాపసు ఇవ్వండి’ అని దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అదే వాట్సాప్ సంభాషణలో కూడా పెట్టండి. పరీక్షలు ముగిశాక బాక్స్‌ను దాని అట్టపెట్టెలో బిల్లుతో సహా భద్రపరచండి. స్థానిక మెకానిక్ ఎవరి చేతా విప్పించవద్దు.