పాత ఇంజెక్షన్ కారు పొద్దున లేట్‌గా స్టార్ట్ అవుతోందా? పంప్ మార్చే ముందు మూడు రోజులు ఆగండి

రాత్రంతా ఆగిన బండి పొద్దున ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవట్లేదు, ఒకసారి అందుకున్నాక రోజంతా తాళం తిప్పగానే స్టార్ట్ అవుతోంది, మెకానిక్ ఫ్యూయల్ పంప్ మార్చాలంటున్నాడు, మార్చాలా వద్దా అని కదండీ మీరడిగింది. ఇప్పుడే మార్చకండి. పంప్ కావచ్చు, కాకపోవచ్చు, కానీ ఇంకా ఎవరూ చూడలేదు కదా. మూడేళ్ల కిందట నా బండిదీ అచ్చం ఇదే వరస, తొంభైల నాటి మల్టీపాయింట్ ఇంజెక్షన్ (ఒక్కో సిలిండర్‌కి విడిగా ఒక ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం), నేను ప్లగ్గులు మార్చా, ప్లగ్ వైర్లు మార్చా, బ్యాటరీ మార్చా, చివరికి పంప్ కూడా మార్చా, మర్నాడు పొద్దున మళ్ళీ అదే ఎనిమిది సెకన్లు. ఆ పొద్దున ఎంత నీరసం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కేంటంటే దాన్ని పరీక్షించే అవకాశం రోజుకి ఒక్కసారే దొరుకుతుంది. ఇంజిన్ ఒకసారి తిరిగిందంటే ఆ రోజుకి ఇంకేం తెలీదు. షెడ్డుకి నడుపుకుంటూ వెళ్ళేసరికి బండి వేడెక్కిపోతుంది, అక్కడ ఎన్నిసార్లు తాళం తిప్పినా టక్కున స్టార్ట్ అవుతుంది, పాపం మెకానిక్ మాత్రం అంచనాగా చెప్పక ఏం చేస్తాడు. అందుకే ఇది మీరే, ఇంటి దగ్గరే, పొద్దున్నే, రోజుకొక్క పరీక్ష చొప్పున చూసుకోవాల్సిన పని. ఒకే పొద్దున రెండు మూడు కలిపి చేస్తే దేనివల్ల స్టార్ట్ అయిందో తెలీకుండా పోతుంది.

ముందు ఒక మాట తేల్చుకోండి, సెల్ఫ్ మోటార్ ఇంజిన్ని జోరుగానే తిప్పుతోందా, లేక ఈడ్చుకుంటూ తిప్పుతోందా? ఫోన్‌లో ఆ శబ్దం రికార్డ్ చేసుకుని, మధ్యాహ్నం వేడి మీద స్టార్ట్ చేసినప్పటి శబ్దంతో పోల్చి వినండి, తేడా ఉంటే చెవికే తెలుస్తుంది. ఈడుస్తుంటే ఫ్యూయల్ సంగతి పక్కన పెట్టి కరెంటు వైపు చూడాలి. రాత్రంతా ఆగిన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టు లెక్క, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. బ్యాటరీ బాగానే ఉన్నా ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటే అదే కథ, పాత బళ్ళలో ఇది చాలా మామూలు, విప్పి గీకి బిగిస్తే సరిపోతుంది. మీరు రాసింది చూస్తే మీ ఇంజిన్ బాగానే తిరుగుతోంది, అందుకోవడమే లేటు, కాబట్టి ఇక్కడితో ఇది వదిలేస్తున్నా.

మొదటి పొద్దున చేయాల్సింది ఇది. తాళం ఆన్ వరకే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లు జుయ్‌మని పంప్ తిరిగి ఆగుతుంది. తాళం ఆఫ్ చేసి ఓ పది సెకన్లు ఆగి మళ్ళీ ఆన్ చేయండి, అలా మూడు నాలుగు సార్లు చేశాక అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుందంటే రాత్రంతా లైన్‌లో నిలవాల్సిన ప్రెజర్ దిగిపోతోందన్నమాట, రోజూ మీరు కొట్టే ఆ ఏడెనిమిది సెకన్లు ఖాళీ లైన్ నింపడానికే పోతున్నాయి. ఏ తేడా లేదంటే ప్రెజర్ దిగిపోవడం కారణమయ్యే అవకాశం బాగా తగ్గింది. నేను ఈ పరీక్ష ముందే చేసుంటే పంప్ జోలికే వెళ్ళేవాణ్ణి కాదు. ఒక్క జాగ్రత్త, మరీ పాత ఇంజెక్షన్ బళ్ళు కొన్నిట్లో తాళం ఆన్ చేస్తే పంప్ తిరగదు, సెల్ఫ్ కొట్టేటప్పుడే తిరుగుతుంది, ఆ శబ్దం అసలు వినపడకపోతే ఈ పరీక్ష మీ బండికి పనికిరాదు.

ప్రెజర్ దిగిపోతోందని తేలినా సరే పంప్ అని ఖాయం చేసుకోకండి. దిగిపోవడానికి మూడు దారులున్నాయి: పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపాల్సిన పంప్ లోపలి చెక్ వాల్వ్ నుంచి వెనక్కి ట్యాంకులోకి, ప్రెజర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ నుంచి, మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగెళ్ళే రిటర్న్ లైన్‌లోకి, లేదా కారే ఇంజెక్టర్ నుంచి నేరుగా ఇంజిన్‌లోకి. రెగ్యులేటర్ మీద ఒక సన్నటి వాక్యూమ్ గొట్టం ఉంటుంది, అది పీకి చూడండి, లోపల పెట్రోల్ తడి గానీ వాసన గానీ ఉంటే రెగ్యులేటర్ లోపలి పల్చటి పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే, దీనికి గేజ్ కూడా అక్కర్లేదు. మిగతావాటికి ఫ్యూయల్ ప్రెజర్ గేజ్ కావాలి, ఆ తరం మల్టీపాయింట్ బళ్ళలో చాలావాటికి 2.5 నుంచి 3 బార్ ఉంటుంది, మీ బండి మాన్యువల్లో అసలు లెక్క చూసుకోండి. ఇంజిన్ ఆపాక అరగంటకి ఎంత మిగిలిందో చూడాలి. బాగా పడిపోతుంటే మళ్ళీ ప్రెజర్ ఎక్కించి రిటర్న్ రబ్బరు గొట్టాన్ని మెత్తగా నొక్కి పట్టండి, పడటం ఆగితే రెగ్యులేటర్, ఆగకపోతే ఈసారి పంప్ నుంచి వచ్చే గొట్టం నొక్కండి, ఆగితే చెక్ వాల్వ్, రెండూ మూసినా పడుతుంటే ఇంజెక్టర్లు. ప్లాస్టిక్ గొట్టాలు మాత్రం నొక్కొద్దు, పగులుతాయి. ఇంకో మాట దయచేసి తేలిగ్గా తీసుకోకండి, గేజ్ పెట్టడానికి ఫ్యూయల్ లైన్ విప్పేముందు పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా తిప్పి ప్రెజర్ దించండి, చల్లటి ఇంజిన్ మీదే చేయండి, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి. పెట్రోల్ చిమ్మితే ఒక్క నిప్పురవ్వ చాలు.

రెండో పొద్దున పెడల్‌తో. ఈసారి తాళం ఆన్-ఆఫ్ ఏమీ చేయకుండా నేరుగా సెల్ఫ్ కొడుతూ యాక్సిలరేటర్ కొంచెం, ఓ పావువంతు నొక్కండి. వెంటనే అందుకుంటే ఇంజిన్‌కి గాలి చాలట్లేదు, గాలి లోపలికి వెళ్ళే దారిలోని ఐడిల్ వాల్వ్ లేదా థ్రాటిల్ బాడీ మసి పట్టి ఉంటుంది, క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు పోతుంది. అలా కాకుండా పెడల్ పూర్తిగా నేలకి తొక్కితేనే అందుకుని, వెనక నల్లపొగ వచ్చి పెట్రోల్ వాసన కొడితే ఫ్యూయల్ ఎక్కువైపోతోంది, ఎందుకంటే చాలా బళ్ళలో ఫుల్ థ్రాటిల్‌తో సెల్ఫ్ కొడితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజెక్టర్లు ఆపేస్తుంది. కారే ఇంజెక్టర్ అయితే సరిగ్గా ఇలాగే చేస్తుంది. ఏ పొద్దునైనా అస్సలు అందుకోకపోతే అప్పటికప్పుడే ఒక ప్లగ్ విప్పి చూడండి, తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ లేదా స్పార్క్ లేదు, పొడిగా ఉంటే పెట్రోల్ చేరట్లేదు. ఆ ఒక్క ప్లగ్ సగం వెతుకులాట తగ్గిస్తుంది.

మూడోది నా బండిని పట్టిచ్చింది, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. చల్లటి ఇంజిన్లో పెట్రోల్ సరిగ్గా ఆవిరవ్వదు, సగం గోడలకే అంటుకుపోతుంది, అందుకని స్టార్టింగ్‌లో మామూలు కంటే చాలా ఎక్కువ పోయాలి. కార్బ్యురేటర్ రోజుల్లో చోక్ లాగేవాళ్ళం, ఇంజెక్షన్ బండిలో ఆ పని ఈసీయూది, అది ఇంజిన్ చల్లగా ఉందో వేడిగా ఉందో తెలుసుకునేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ద్వారానే. సెన్సర్ చల్లటి ఇంజిన్ని వేడిగా ఉందని చెప్పిందంటే ఈసీయూ నమ్మి తక్కువ పెట్రోల్ పోస్తుంది, మీరు సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. వేడెక్కాక సెన్సర్ చెప్పేదీ నిజమూ ఒకటైపోతాయి కాబట్టి రోజంతా ఏ లోపం కనపడదు.

నేను దీన్ని ముందే ఎందుకు వదిలేశానంటే డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు సరిగ్గానే చూపించేది. చాలా పాత బళ్ళలో ముల్లుకి ఒక సెన్సర్, ఈసీయూకి వేరే సెన్సర్ ఉంటాయి, ముల్లుది ఎక్కువగా ఒక వైరుది, ఈసీయూది రెండు వైర్లది. ఇది తెలీక నేను నెలలు పోగొట్టుకున్నా. ఒక పొద్దున స్టార్ట్ చేయకముందే ఆ రెండు వైర్ల కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెట్టి సెన్సర్ రెసిస్టెన్స్ చూశా, 20 డిగ్రీల దగ్గర దాదాపు 2500 ఓములు ఉండాల్సిన రకం అది, 80 డిగ్రీలకి 300 చిల్లరకి దిగుతుంది. నాకు చల్లటి ఇంజిన్ మీద 700 చూపించింది, అంటే ఈసీయూ దృష్టిలో నా ఇంజిన్ 50 డిగ్రీలు దాటి వేడిగా ఉంది. సెన్సర్ బదులు కనెక్టర్లో 2.2 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి గుచ్చి తాళం తిప్పా, ఒక్క సెకనులో అందుకుంది. ఆ శబ్దం విని కాసేపు అలాగే సీట్లో కూర్చుండిపోయా. ఆ రెసిస్టర్ పరీక్ష వరకే, అలాగే ఉంచి నడపకూడదు, వేడెక్కినా ఈసీయూ చలి అనుకుని పెట్రోల్ పోస్తూనే ఉంటుంది.

మీ బండికి ఈసీయూ లెక్కలు చదివే స్కానర్ పెట్టే వీలుంటే ఇంకా తేలిక, రాత్రంతా ఆగిన బండిలో తాళం ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్, లోపలికి వచ్చే గాలి టెంపరేచర్ రెండూ చూడండి, రెండూ బయటి వాతావరణానికి దగ్గర్లో, ఒకదానికొకటి నాలుగైదు డిగ్రీల లోపు ఉండాలి. సెన్సర్ బాగుండి కనెక్టర్ పిన్నులు పచ్చగా తుప్పు పట్టినా లెక్క తప్పుతుంది, అప్పుడు రెసిస్టెన్స్ పెరిగి ఉన్నదానికంటే చల్లగా చెప్తుంది, పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. మీది డెబ్భై ఎనభైల నాటి కే-జెట్రానిక్, ఎల్-జెట్రానిక్ (బాష్ కంపెనీ పాత ఇంజెక్షన్ పద్ధతులు) రకమైతే మాత్రం చలికోసమే విడిగా ఒక కోల్డ్ స్టార్ట్ ఇంజెక్టరూ, దాన్ని నడిపే థర్మో టైమ్ స్విచ్చీ ఉండొచ్చు, ఉంటే ముందు అవి చూడాలి.

రేపు పొద్దున తాళం ఆన్-ఆఫ్ పరీక్ష ఒక్కటి చేసి ఏమైందో రాయండి, బండి ఏ సంవత్సరందో, తాళం ఆన్ చేస్తే పంప్ శబ్దం వినపడిందో లేదో కూడా చెప్పండి, దాన్నిబట్టి ఎల్లుండి ఏం చేయాలో చెప్తాను. అప్పటిదాకా ఆ పంప్ ఆర్డర్ పెట్టొద్దని మెకానిక్‌కి చెప్పండి.