యుద్ధంలో ప్రకృతిని నాశనం చేయడం అంతర్జాతీయ చట్టం ప్రకారం నేరమేనా?

నేరమే. కానీ ఆ నిబంధనను నిరూపించడం దాదాపు అసాధ్యమయ్యేలా రాశారు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఆధారమైన 1998 నాటి రోమ్ శాసనం, 8వ అధికరణంలో దీన్ని యుద్ధ నేరాల్లో చేర్చింది. అయితే నష్టం విస్తృతంగానూ, దీర్ఘకాలికంగానూ, తీవ్రంగానూ ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కేసు నిలవదు. పైగా ఆశించిన సైనిక ప్రయోజనంతో పోలిస్తే ఆ నష్టం స్పష్టంగా మితిమీరి ఉండాలి, దాడి చేయించినవారికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఇంతా చేసి ఇది దేశాల మధ్య యుద్ధాలకే, అంతర్యుద్ధాలకు వర్తించదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

1991లో కువైట్ నుంచి వెనుదిరుగుతూ ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. చివరి మంట ఆరేసరికి నవంబరు వచ్చింది. పొంగిపొర్లిన చమురు ఎడారిలో మడుగులు కట్టింది. మసి, చమురు తుంపరలు ఇసుకతో కలిసి నల్లటి గట్టి పొరగా పేరుకుపోయాయి. భద్రతా మండలి 687వ తీర్మానం పర్యావరణ నష్టానికి కూడా ఇరాక్‌నే బాధ్యురాలిని చేసింది. ఆ దేశ చమురు ఆదాయం నుంచి పరిహారం వసూలు చేశారు. చెల్లించింది దేశం; బావులు తగలబెట్టమని ఆదేశించినవారెవరూ అందుకు ఏ అంతర్జాతీయ కోర్టు బోనూ ఎక్కలేదు.

2024లో వనువాటు, ఫిజి, సమోవా దేశాలు ఎకోసైడ్‌ను, అంటే ప్రకృతిని భారీగా నాశనం చేయడాన్ని, ప్రత్యేక నేరంగా రోమ్ శాసనంలో చేర్చాలని ప్రతిపాదించాయి. ఆమోదం పొందితే ఇది శాంతికాలానికీ వర్తిస్తుంది. ఏకాభిప్రాయం కుదరకపోతే సభ్యదేశాల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి.