డార్విన్‌తో మొదలుపెట్టకు

తమ్ముడూ,

మనిషి పుట్టుక గురించి పాశ్చాత్యుల ఆలోచన ఎలా మారిందో నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొహమాటం వద్దన్నావు కాబట్టి సూటిగా చెబుతున్నా, మొదటి మూడు పేరాలూ తీసెయ్. చీకట్లో మగ్గుతున్న యూరప్‌కి 1859లో డార్విన్ పరిణామ సిద్ధాంతంతో వచ్చి వెలుగు చూపించాడని ఎత్తుకున్నావు చూడు, వ్యాసం అక్కడే చతికిలబడింది. ఒకపక్క మూర్ఖపు మతగురువులు, ఇంకోపక్క మేధావులైన సైంటిస్టులు, మధ్యలో యుద్ధం. సినిమాకైతే బాగానే ఉంటుంది. కానీ మనిషి పుట్టుక గురించి పాశ్చాత్యుల ఆలోచన అలా మారలేదు, మార్చినవాళ్లలో కొందరు చర్చిలో ప్రార్థనలు చేయించినవాళ్లే.

ముందు అషర్ సంగతి చూద్దాం. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ సృష్టి జరిగింది క్రీ.పూ. 4004 అక్టోబరులో అని 1650లో లెక్క తేల్చాడని రాసి, పక్కనే ఒక వెటకారం పడేశావు. అది కొట్టెయ్. ఆ కాలంలో పాత విషయాలకు ఆధారమంటే రాతలే. బైబిల్లోని వంశావళుల్ని బబులోను, పర్షియా, రోమ్ రాజుల కాలంతో పోల్చి, ఓపిగ్గా కూర్చుని కట్టిన లెక్క అది. అంతటి న్యూటన్ కూడా అలాంటి లెక్కలే వేశాడు. అషర్‌ని చూసి పాఠకుడు నవ్వితే నీకు ఒరిగేదేమీ లేదు, ఇంత చదువుకున్నాయనకి కూడా వేరే దారి కనబడలేదా అని ఒక్క క్షణం ఆగాలి.

ఇంకో తమాషా ఏంటంటే, మొదటి అనుమానాలు కొన్ని బైబిల్ చదివినవాళ్లకే వచ్చాయి. ఫ్రాన్స్‌లో ఇజాక్ లా పెయిరేర్ అనే ఆయన ఉండేవాడు. ఆదాము హవ్వల కొడుకు కయీను తమ్ముణ్ణి చంపి పారిపోతూ, దారిలో నన్నెవరైనా చంపేస్తారేమో అని భయపడతాడు కదా, ఆ ఎవరైనా ఎవరు? కయీనుకి పెళ్లాం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆదాముకి ముందే మనుషులున్నారని 1655లో పుస్తకం వేశాడు. పట్టుకుని జైల్లో పెట్టారు, ఆ మాట వెనక్కి తీసుకున్నాక వదిలారు. నీ వ్యాసంలో ఈయన పేరే లేదు!

ఇక అసలు విషయానికి వస్తా. నీకు దొరికిన సమాచారంలో బంగారం లాంటిది బక్లాండ్ కథ, దాన్ని ఒక్క లైనులో దాటేశావు. విలియం బక్లాండ్ ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పేవాడు, మతాచార్యుడు కూడా. 1823లో వేల్స్ తీరంలో పావిలాండ్ అనే చోట ఒక గుహలో తవ్వితే మనిషి ఎముకలు బయటపడ్డాయి. ఎముకల నిండా ఎర్రమన్ను రంగు, పక్కన చిల్లులు పెట్టిన గవ్వలు, దంతంతో చేసిన కడ్డీలు. దగ్గర్లోనే మామత్ పుర్రె, అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగులాంటి జంతువుది. ఇప్పుడు నువ్వు ఆయన బుర్రలో కూర్చుని ఆలోచించు. మామత్‌లు బైబిల్లోని నోవహు జలప్రళయానికి ముందువని ఆయన నమ్మకం, మనిషి మాత్రం అంత పాతవాడు కాదు. కాబట్టి ఈ శవం తర్వాతెప్పుడో పూడ్చినదే అయ్యుండాలి. అది రోమన్ల కాలపు ఆడమనిషి అని తీర్మానించాడు. అందుకే ఆ ఎముకలకి ఎర్ర దొరసాని అనే పేరు ఉండిపోయింది. నిజానికి అది మగవాడి అస్థిపంజరం, వయసు దాదాపు 33 వేల ఏళ్లు. సాక్ష్యం ఆయన చేతుల్లోనే ఉంది, చూశాడు, బొమ్మలు కూడా వేయించాడు, అయినా కనబడలేదు. దీనికి రెండు పేజీలు ఇవ్వు, తప్పు లేదు.

దాని వెంటే మెకెనరీని పెట్టు. ఇంగ్లండ్‌లోని టార్కీ ఊళ్లో కేథలిక్ ఫాదర్, 1825 నుంచి అక్కడి కెంట్స్ గుహ తవ్వాడు. నీటితో కారిన సున్నం గట్టిపడి నేలంతా రాతిపొరలా పరుచుకుని ఉంటుంది, దాని కింద అంతరించిపోయిన జంతువుల ఎముకలతో పాటు చెకుముకి పనిముట్లు దొరికాయి. అంటే ఆ జంతువుల కాలంలోనే మనిషీ ఉన్నాడన్నమాట. బక్లాండ్ ఏమన్నాడంటే, పాతకాలం జనం ఆ పొరలో పొయ్యిగుంటలు తవ్వుకుని ఉంటారు, పనిముట్లు వాటిలోంచి కిందకి జారి ఉంటాయి అని. అలాంటి గుంటలు తనకెక్కడా కనబడలేదని మెకెనరీ రాసుకున్నాడు, కానీ అచ్చు వేయించలేదు. 1841లో పోయాడు. పెద్దవాళ్ల మాట కాదనలేక కళ్లెదుటి సాక్ష్యాన్ని పక్కన పెట్టేయడం మనకి తెలియనిదేం కాదు గదా. మతానికీ సైన్స్‌కీ గొడవ అని నువ్వు రాసిన చోట ఉన్నది ఇద్దరు మతాచార్యులు!

తర్వాత వేగంగా నడిపించు. 1858లో ఇంగ్లండ్‌లోనే బ్రిక్సమ్ గుహని అడ్డదిడ్డంగా కాకుండా పొరపొరా తవ్వారు, ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో రాసుకున్నారు, చెక్కుచెదరని సున్నపు పొర కింద పనిముట్లు దొరికాయి. 1859 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ నుంచి భూగర్భశాస్త్రవేత్త ప్రెస్ట్‌విచ్, పురావస్తువులు పరిశీలించే ఎవాన్స్ ఫ్రాన్స్‌లోని సొమ్ నది లోయకి వెళ్లి, అంతరించిపోయిన జంతువుల కాలంలోనే మనిషి ఉన్నాడని బూషే ద పెర్త్ అనే కస్టమ్స్ అధికారి చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నది నిజమేనని ఒప్పుకున్నారు. డార్విన్ పుస్తకం వచ్చింది ఆ నవంబరులో. అందులో మనిషి పుట్టుక గురించి ఉన్నది దాదాపు ఒక్క వాక్యమే, మిగతాది చెప్పడానికి 1871 దాకా ఆగాడు. అంటే మనిషి చాలా పాతవాడని తేల్చింది రాళ్లు, ఎలా వచ్చాడో చెప్పింది డార్విన్. ఈ రెండిటినీ కలగాపులగం చేశావు, విడదియ్యి.

1860 ఆక్స్‌ఫర్డ్ సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్ కోతి తాత వైపా బామ్మ వైపా అని అడిగితే డార్విన్ పక్షాన నిలిచిన శాస్త్రవేత్త హక్స్‌లీ దీటుగా జవాబిచ్చాడనే డైలాగులు కొటేషన్లలో పెట్టకు. అక్కడ ఎవరూ మాటకి మాట రాసుకోలేదు, తర్వాత గుర్తుకు తెచ్చుకుని చెప్పినవే.

సైన్స్‌ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు కూడా. 19వ శతాబ్దపు అమెరికాలో పుర్రెలు కొలిచి, జాతులన్నీ వేరువేరుగా పుట్టాయని చెప్పి బానిసత్వాన్ని సమర్థించినవాళ్లు సైన్స్ పేరుతోనే మాట్లాడారు. కాదు, అందరూ ఆదాము పిల్లలే అని వాళ్లతో వాదించినవాళ్లలో బైబిల్ నమ్మినవాళ్లున్నారు. ఈ పేరా రాస్తే రెండు పక్షాల వాళ్లూ నిన్ను తిడతారు. రాయి.

చివర్లో దశావతారాలే పరిణామ సిద్ధాంతమని రాసిన ముక్క తీసెయ్. మన ప్రాంతం ముడి కావాలంటే నిజమైనదే ఉంది. సొమ్ లోయ వార్తలు విన్న బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి పనిముట్టు పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత హక్స్‌లీ సూచన మీద కర్నూలు గుహల్లో తవ్వించాలని మద్రాసు గవర్నర్ పూనుకుంటే, 1884లో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకి వచ్చింది ఈ ఫుట్టే. మీ నంద్యాల నుంచి బేతంచెర్ల ఏమంత దూరం కాదు కదా, ఒక ఆదివారం వెళ్లి గుహలు చూసి రా. కొత్త ప్రతితో పాటు ఫొటోలు కూడా పంపు.

ఉంటాను,
అన్న